‘సిక్స్థ్’ అనండి, చూద్దాం!

పిల్లలూ! “ఏ క్లాసు చదువుతున్నావు?” అని ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే నాలుగో తరగతి కుర్రవాడు చటుక్కున “ఫోర్థ్” అంటాడు. ఏడో తరగతి అమ్మాయి కూడా తడుముకోకుండా “సెవెన్థ్” అంటుంది. ఆరో తరగతి వాళ్ళకే వచ్చిపడింది చిక్కంతా! కొందరు “సిక్స్ క్లాస్” అని ఊరుకుంటారు. కొందరు “సిక్సుతు” అంటారు. కొందరు నడుమ ఉన్న సకారాన్ని మింగేసి “సిక్త్” అంటారు. ఇదంతా ఎందుకని ఆరు వేళ్ళు చూపించి తప్పించుకునే గడుసువాళ్ళు కూడా ఉన్నారు.

ఈ చిన్న మాటలో అంత కష్టమేమున్నది? రాతలో కనిపించే ఇంగ్లీషు ‘ఎక్స్’ అక్షరం నిజానికి ఒక ధ్వని కాదు, రెండు. అది ‘క్’, ‘స్’ కలిసిన జంట. దాని వెనకాలే ‘థ్’ వస్తుంది. అంటే క్, స్, థ్ అనే మూడు హల్లులు నడుమ ఒక్క అచ్చు అయినా లేకుండా, ఆఖరున కూడా అచ్చు లేకుండా వరసగా పలకాలి. లెక్కల క్లాసులో ఆరింట ఐదు వంతులను ‘ఫైవ్ సిక్స్థ్స్’ అంటారు. అక్కడ ఇంకొక ‘స్’ చేరి నాలుగు హల్లులవుతాయి. ఇంగ్లీషు మాట మొదట మూడు హల్లులకు మించి కలిసి రావు. చివర మాత్రం నాలుగు దాకా వస్తాయి.

ఇటువంటి మాట పలకబోయి నాలుక తడబడితే క్లాసులో నవ్వులు వినిపిస్తాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం! నేను బళ్ళో పాఠాలు చెప్పిన రోజుల్లో దీన్ని ఎన్నో మార్లు గమనించాను. ఒకసారి నలుగురూ నవ్వితే ఆ పిల్లవాడు మరునాటి నుంచి ఆ మాటను తప్పించుకు తిరుగుతాడు. ‘ఆస్క్డ్’ అనవలసిన చోట ‘టోల్డ్’ అంటాడు. జవాబు తెలిసినా చెయ్యి ఎత్తడు. ఒక మాట పలకడం రాకపోతే మునిగిపోయేదేమీ లేదు. కాని ధైర్యం పోతే చదువే కుంటుపడుతుంది. అందుకే ఈ చిక్కుముడి ఏమిటో, దాన్ని ఎట్లా విప్పాలో ఈ నెల చూద్దాం.

మన నాలుక చేతకానిదా?

ముందు ఒక పరీక్ష. ఈ మాటలు గట్టిగా చదవండి: లక్ష్మి, రాష్ట్రం, శాస్త్రం, తీక్ష్ణం, మత్స్యం, స్త్రీ.

హాయిగా పలికారు గదా! ‘లక్ష్మి’లో క్, ష్, మ్ అనే మూడు హల్లులున్నవి. ‘రాష్ట్రం’లో ష్, ట్, ర్ ఉన్నవి. ‘స్త్రీ’ అయితే మాట మొదటే మూడు హల్లులతో మొదలవుతుంది. ఇక ‘కార్త్స్న్యం’ అనే సంస్కృత పదం ఉన్నది. ‘పూర్తిగా ఉండడం’ అని దాని అర్థం. అందులో ర్, త్, స్, న్, య్ అనే ఐదు హల్లులు ఒక్క గుత్తిగా వచ్చాయి. మన వ్యాకరణ పండితులు దాన్ని కూడా తొణక్కుండా పలుకుతారు.

‘స్త్రీ’ అనగల నోటికి ‘స్ట్రీట్’ అనడం ఒక లెక్కా? ‘లక్ష్మి’ అనగల నోటికి ‘సిక్స్థ్’ అసాధ్యమా? కాదు. మన నాలుకకు బలం చాలకపోవడం లేదు. మరి చిక్కు ఎక్కడ వస్తున్నది?

అది చోటులో వస్తున్నది. తెలుగులో హల్లులు గుత్తిగా వచ్చినా, ఆ గుత్తి వెనకాల ఒక అచ్చు కాపలా ఉంటుంది. ‘లక్ష్మి’ చివర ఇకారం ఉన్నది. అచ్చుతో ముగిసే మాటలను అజంతాలు అంటారు. తెలుగు మాటలు చాలావరకు అజంతాలే. బయటినుంచి హల్లుతో ముగిసే మాట వస్తే, మన భాష దానికి ఒక ఉకారం తగిలించి గాని ఇంట్లోకి రానివ్వదు. సంస్కృతంలోని ‘జగత్’ మనకు జగత్తు. ‘వాక్’ మనకు వాక్కు. ‘మనస్’ మనస్సు అయింది. అదే పద్ధతిలో ఇంగ్లీషు ‘బస్’ బస్సు అయింది, ‘కార్’ కారు అయింది. మనస్సుకూ బస్సుకూ ఒకటే సూత్రమన్నమాట!

కాబట్టి ఆరో తరగతి పిల్లవాడు “సిక్సుతు” అంటే అది మొద్దుతనం కాదు. వాడి నాలుక తెలుగు వ్యాకరణాన్ని బుద్ధిగా పాటిస్తున్నది, అంతే.

మీరు బడిలో ప్రకృతి వికృతులు చదువుకున్నారు గదా. వాటిని ఒకసారి గుర్తు చేసుకోండి. హల్లుల గుత్తి ఎదురైనప్పుడు నాలుక చేసే ఉపాయాలు మూడూ అక్కడే ఉన్నవి. మొదటిది నడుమ అచ్చును దూర్చడం: రత్నం రతనం అయింది, రాత్రి రాతిరి అయింది. రెండోది ఒక హల్లును వదిలేయడం: ప్రయాణం పయనం అయింది, ద్వీపం దీవి అయింది. మూడోది రెండు హల్లులను ఒకటిగా చేసి వత్తడం: భక్తి బత్తి అయింది, అగ్ని అగ్గి అయింది. ఇప్పుడు చూడండి. ‘సిక్సుతు’ అన్నవాడిది ‘రాతిరి’ దారి. ‘సిక్త్’ అన్నవాడిది ‘పయనం’ దారి.

ఇస్కూలుకు చుట్టాలు

“ఇస్కూలు” అనే ముసలమ్మను చూసి మనవలు నవ్వుతూ ఉంటారు. ఆ మాటకు ఎంత గొప్ప చుట్టాలున్నారో తెలిస్తే నవ్వరు. లాటిన్ భాషలో బడిని ‘స్కోలా’ అనేవారు. ఆ మాట దేశదేశాలు తిరిగింది. స్పెయిన్ వాళ్ళు ముందు ఎకారం చేర్చి ‘ఎస్క్వేలా’ అన్నారు. హంగేరీ వాళ్ళు ఇకారం చేర్చి ‘ఇష్కోలా’ అన్నారు. బ్రిటన్‌లోనే ఉన్న వేల్సు వాళ్ళ భాషలో అది ‘అస్గోల్’ అయింది. ఫ్రెంచివాళ్ళు ఎకారం చేర్చి, తర్వాత సకారాన్నే వదిలేసి ‘ఎకోల్’ అంటున్నారు. సకారం వెంట ఇంకో హల్లు వస్తే దాని ముందు ఒక అచ్చును మెట్టుగా వేసుకోవడం మన అమ్మమ్మ ఒక్కతే చేసిన పని కాదు సుమా!

జపాను వాళ్ళ సంగతి ఇంకా తమాషా. ‘స్ట్రైక్’ అనే ఇంగ్లీషు మాట వాళ్ళ నోట ‘సుతోరైకు’ అవుతుంది. దాదాపు ప్రతి హల్లుకూ ఒక అచ్చు తోడు ఉండాలి వాళ్ళకు. దీనికి పూర్తిగా ఎదురు జార్జియా దేశపువాళ్ళు. నల్లసముద్రం పక్కన ఉన్న ఆ దేశపు భాషలో ‘నువ్వు మా తొక్క తీస్తున్నావు’ అనే అర్థం వచ్చే ఒక మాట ఉన్నది. అది ‘గ్‌వ్‌ప్ర్‌త్స్‌క్‌వ్ని’. హల్లుల గుత్తి అంతా గడిచాక ఆఖరున ఒక్క ఇకారం వస్తుంది! ఆ దేశపు పసిపిల్లలకు అది కష్టమనిపించదు. వినగా వినగా, అనగా అనగా వచ్చేదే ఉచ్చారణ.

ఇంగ్లీషువాళ్ళూ మనుషులే

ఈ గుత్తులు ఇంగ్లీషువాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకుంటున్నారా? వాళ్ళ నాలుకా సుఖమే కోరుతుంది.

ఇంగ్లీషులో మోకాలిని ‘నీ’ అంటారు. రాతలో మాత్రం ముందు ‘క్’ అక్షరం ఉంటుంది. చాకు అనే అర్థం గల ‘నైఫ్’ కూడా అంతే. పూర్వం దాన్ని నిజంగానే పలికేవారు. సుమారు 17వ శతాబ్దంలో ఆ ధ్వని జారిపోయింది, అక్షరం మిగిలింది. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన జర్మను భాషలో ఇప్పటికీ మోకాలిని ‘క్నీ’ అనే అంటారు. ‘కాసిల్’, ‘లిజన్’, ‘క్రిస్మస్’ అనే మాటల రాతలో టకారం ఉన్నది గాని పలుకులో లేదు. బట్టలు అనే అర్థం గల ‘క్లోద్జ్’ను చాలామంది ‘క్లోజ్’ అనేస్తారు. నిఘంటువులు కూడా దాన్ని ఒప్పుకున్నాయి.

ఇక మన ‘సిక్స్థ్’ సంగతి వినండి. వెయ్యేళ్ళ క్రితపు ఇంగ్లీషులో ఆరోదాన్ని ‘సిక్స్తా’ అనేవారు. చివర ఉన్నది ‘థ్’ కాదు, మామూలు ‘త్’ వంటి ధ్వని. పైగా దాని వెనక అచ్చు కూడా ఉండేది! ఐదోది, పన్నెండోది కూడా అట్లాగే ఉండేవి. తరువాతి కాలంలో నాలుగోది, ఏడోది ‘థ్’తో ముగుస్తున్నాయి గదా అని, వరస కలవడం కోసం వీటికీ ‘థ్’ తగిలించారు. చివరి అచ్చు ఏనాడో రాలిపోయింది. ఈ ముడి వేసుకున్నది వాళ్ళే. వాళ్ళు వేసిన ముడిని మనం ఓపికగా విప్పుకుంటే సరి.

అభ్యాసం మొదలుపెడదాం

ఒక చిన్న అద్దం, మీ అరచెయ్యి ఉంటే చాలు. ఇంకే సామగ్రీ అక్కరలేదు.

మొదటి అభ్యాసం: గొంతు మీద వేళ్ళు. రెండు వేళ్ళను గొంతు ముందు భాగాన మెల్లగా ఆనించి “ఇ...” అనండి. లోపల తుమ్మెద రొద వంటి అదురు తెలుస్తుంది. అది నాదతంత్రుల కదలిక. ఇప్పుడు పాము బుసకొట్టినట్టు “స్...” అనండి. అదురు లేదు, ఉత్త గాలే. ఇప్పుడు “స్... కూల్” అనండి. బుస మొదలు కాకముందే వేళ్ళకు అదురు తగిలిందంటే ‘ఇ’ దొంగతనంగా వచ్చి చేరిందన్నమాట. పాము బుసను పొడవుగా మొదలుపెట్టి, రోజురోజుకూ కుదిస్తూ రండి. నాలుగైదు రోజులకు ‘ఇ’ తనంతట తానే తప్పుకుంటుంది. స్టేషన్, స్పూన్, స్ట్రీట్, స్ప్రింగ్, స్క్రూ అన్నీ ఇట్లాగే.

రెండో అభ్యాసం: థకారం. రాయడానికి వేరే అక్షరం లేక ఇక్కడ ‘థ్’ అని రాస్తున్నాను గాని, ఇది మన ‘రథం’లోని థకారం కాదు. మన థకారానికి నాలుక పళ్ళకు గట్టిగా ఆని గాలిని ఆపుతుంది. ఇంగ్లీషు ధ్వనికి నాలుక కొనను పై పళ్ళ అంచుకు తగిలీ తగలనట్టు ఉంచి గాలిని ఊదుతూ ఉండాలి. అద్దంలో చూస్తే నాలుక కొన కొంచెం కనబడాలి. అరచెయ్యి నోటి ముందు పెడితే చల్లని గాలి ధారగా తగలాలి. ఊపిరి ఉన్నంతసేపు ఆ ధ్వని సాగితే మీరు సరిగా పలికినట్టే.

మూడో అభ్యాసం: ఆరు బొటనవేళ్ళు. బొటనవేలిని ఇంగ్లీషులో ‘థమ్’ అంటారు. ‘సిక్స్ థమ్స్’ అనండి. ఇందులో క్, స్, థ్ మూడూ వరసగా వచ్చాయి. కాని వెనకాల అచ్చు ఉన్నది కనుక ఇది మన ‘లక్ష్మి’ వంటిదే, సులువుగా వస్తుంది. ఐదుసార్లు అనండి. తర్వాత ‘సిక్స్ థ...’ దాకా వచ్చి ఆగండి. ఆ తర్వాత ‘థ’లోని అచ్చును గుసగుసగా అనండి. చివరికి నోరు తెరవకుండా గాలి ఊది వదిలేయండి. అంతే, ‘సిక్స్థ్’ వచ్చేసింది!

పలికేటప్పుడు నాలుక ప్రయాణం గమనించండి. ‘క్’కు నాలుక వెనక భాగం పైకి లేస్తుంది. ‘స్’కు ముందు భాగం పళ్ళ వెనక్కు చేరుతుంది. ‘థ్’కు కొన పళ్ళ మధ్యకు వస్తుంది. పెరటి వసారాలోంచి బయలుదేరి, నడిమింటి మీదుగా, వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడినట్టు ఉన్నది గదా! దారి తిన్నగానే ఉన్నది. తొందరపడి గెంతకుండా నడిస్తే చాలు.

నాలుగో అభ్యాసం: ఆస్క్డ్. ఇది తిన్నని దారి కాదు, చెడుగుడు ఆట. ‘స్’కు నాలుక ముందు, ‘క్’కు వెనక, మళ్ళీ చివరి ధ్వనికి ముందు. కూతకు వెళ్ళి తిరిగి గీత దాటి రావాలి. అందుకనే చాలామంది తారుమారు చేసి ‘ఆక్స్’ అంటారు, డెస్కును ‘డెక్స్’ అంటారు. ఇదీ కొత్త సంగతి కాదు. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రచనల్లో కూడా ‘ఆక్స్’ వంటి రూపం ఉన్నది. ‘ఆస్క్ టామ్’ అనండి, అంటే ‘టామును అడుగు’ అని. ఇప్పుడు ‘ఆస్క్ ట్...’ దగ్గర ఆపండి. అదే ‘అడిగాడు’ అనే మాట.

చివర రాసేది డకారం గదా, టకారం ఎట్లా వచ్చిందంటారా? ఇక్కడ ఒక సూత్రమున్నది. క్రియ చివర క్, ప్, స్, ష్, చ్, ఫ్ వంటి గొంతు అదరని ధ్వని ఉంటే, జరిగిపోయిన పనిని తెలిపే ధ్వని ‘ట్’ అవుతుంది: ఆస్క్ట్, వాష్ట్, జంప్ట్. గొంతు అదిరే ధ్వని ఉంటే ‘డ్’ అవుతుంది: ప్లేడ్, క్లీన్డ్. క్రియ చివర ట్, డ్ ఉంటేనే ‘ఇడ్’ వస్తుంది: వాంటిడ్, నీడిడ్. కనుక ‘ఆస్కెడ్’, ‘వాషెడ్’ అనకూడదు. ‘వికెడ్’ వంటి కొన్ని విశేషణాలు మాత్రం ఈ సూత్రానికి లోబడవు.

ఈ చివరి ధ్వనిని మింగేస్తే అర్థమే మారుతుంది. ‘ఐ వాష్ ది ప్లేట్స్’ అంటే ‘నేను పళ్ళేలు కడుగుతాను’ అని. ‘ఐ వాష్ట్ ది ప్లేట్స్’ అంటే ‘కడిగాను’ అని. అమ్మకు ఈ రెంటికీ ఎంత తేడా ఉన్నదో అడిగి చూడండి!

ఐదో అభ్యాసం: చెయ్యి కలపడం. తరవాతి మాట అచ్చుతో మొదలైతే మీ అదృష్టం పండినట్టే. చివరి హల్లును దానికి తగిలించండి. ‘సిక్స్థ్ ఆఫ్ ఏప్రిల్’ అనేదాన్ని ‘సిక్స్... థాఫ్... ఏప్రిల్’ అనండి. ‘ఆస్క్ట్ అనిల్’ను ‘ఆస్క్... టనిల్’ అనండి. మనకు సంధి కొత్త కాదు గదా! గుత్తి చివరినుంచి నడుమకు వచ్చేసింది, ‘రాష్ట్రం’ వంటిదే అయిపోయింది. తర్వాతి మాట హల్లుతో మొదలైతే, వేగంగా మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్ళే ‘ఆస్క్ట్’లోని కకారాన్ని చాలాసార్లు జారవిడుస్తారు. మీరు నిదానంగా పలకడం నేర్చుకోండి. వేగం తర్వాత అదే వస్తుంది.

రోజుకు ఐదు నిమిషాలు చాలు. ఒకేరోజు గంటసేపు చేసి, వారం రోజులు మానేస్తే లాభం లేదు. ఏ మాట ఎట్లా పలకాలో అనుమానం వస్తే ఊహించకండి, నిఘంటువు చూడండి. డేనియల్ జోన్స్ అనే ధ్వనిశాస్త్ర పండితుడు 1917లో ఇంగ్లీషు ఉచ్చారణ కోసమే ఒక నిఘంటువు ప్రకటించాడు. ఇప్పుడు నాన్నగారి ఫోనులోని నిఘంటువు మాటను పలికి వినిపిస్తుంది కూడా.

పెద్దలకు ఒక మాట

తల్లిదండ్రులారా! పిల్లవాడు తప్పు పలికినప్పుడు మీరు చేయవలసిన పని ఒకటే. నవ్వకుండా, మాట మధ్యలో అడ్డుకోకుండా, వాడు చెప్పదలచినది పూర్తిగా వినండి. తర్వాత అదే మాటను మీ జవాబులో ఒకసారి సరిగా పలకండి. చెవికి అందినది మెల్లగా నాలుకకు వస్తుంది. మీకే అది సరిగా రాకపోతే సిగ్గుపడవద్దు, పిల్లలతో కూర్చుని ‘సిక్స్ థమ్స్’ అనండి. ఇంగ్లీషు బోధించే ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి 1958లో హైదరాబాదులో ఒక కేంద్ర సంస్థనే స్థాపించారు. ఇప్పుడది ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ అయింది. పాఠం చెప్పే పంతుళ్ళే కూర్చుని నేర్చుకున్న విద్య ఇది. పిల్లలకు ఒక్క పూటలో రాలేదని కోప్పడడం న్యాయమా?

మన పూర్వులు ఉచ్చారణను ఒక శాస్త్రంగా చదివారు. పాణినీయ శిక్ష అనే ప్రాచీన గ్రంథంలో ఒక చక్కని పోలిక ఉన్నది. ఆడపులి తన కూనలను నోట కరుచుకుని తీసుకుపోతుంది. పట్టు వదులైతే కూన జారిపడుతుంది. బిగువైతే కోర దిగుతుంది. అందుకని ఎంతో జాగ్రత్తగా పట్టుకుంటుంది. అక్షరాలను కూడా అట్లా పలకాలన్నారు. ‘సిక్త్’ అన్నామా, ఒక కూన దారిలో జారిపోయినట్టే. ‘సిక్సుతు’ అని వత్తి పలికామా, కోర దిగినట్టే.

ఇక ఈ నెల అభ్యాసం. కింది మాటలను వారం రోజులపాటు, రోజుకు ఐదేసి సార్లు, మొదట మెల్లగా, తర్వాత మామూలుగా చదవండి:

సిక్స్ థమ్స్, సిక్స్థ్ థమ్.
సిక్స్థ్ ఆఫ్ ఏప్రిల్, సిక్స్థ్ ఆఫ్ ఆగస్ట్.
ఐ ఆస్క్ట్ అనిల్. అనిల్ ఆస్క్ట్ ఉష.
ఫైవ్ సిక్స్థ్స్ ఆఫ్ ఎ మ్యాంగో.

చివరిది తడబడకుండా వచ్చిన రోజున, ఒక మామిడిపండును ఆరు సమానమైన ముక్కలు కోసి, ఐదు మీరు ఉంచుకోండి. మిగిలిన ఆ ఒక్క ‘సిక్స్థ్’ మీ చెల్లికో తమ్ముడికో ఇవ్వండి. వాళ్ళ చేత కూడా ఆ మాట అనిపించి మరీ ఇవ్వండి. రాకపోయినా ఇవ్వండి!